అద్దెకున్నవారు ఉండగానే ఇల్లు అమ్మడం: ముందుగా వారికి చెప్పాలా, ఖాళీ చేయించి అమ్మాలా?

ప్రశ్న

నమస్కారం. నా పేరున ఉన్న రెండు పడకగదుల ఫ్లాటును అమ్మాలనుకుంటున్నాను. అందులో నాలుగేళ్లుగా ఒక కుటుంబం అద్దెకు ఉంటోంది: భార్యాభర్తలు, బడికి వెళ్లే పాప, ఆయన తల్లిగారు. ఈ నాలుగేళ్లలో అద్దె ఒక్కసారి కూడా అయిదో తేదీ దాటలేదు. కుళాయి కారితే వారే బాగు చేయించుకుని, రసీదు ఫోటో నాకు పంపి, ఆ మొత్తాన్ని అద్దెలో మినహాయించుకునేవారు. అంతకుమించి మా మధ్య మాటలు కూడా తక్కువే. అయిదు నెలల క్రితం ఒప్పందాన్ని మరో ఏడాదికి తిరగరాసుకున్నాము కనుక ఇంకా ఏడు నెలల గడువు మిగిలి ఉంది. మూడు నెలల అద్దెకు సమానమైన డిపాజిట్ నా దగ్గర ఉంది. నిజానికి ఉంది అనడం కంటే ఉండాలి అనడం సబబు, ఎందుకంటే ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది.

నేను ఉండటానికి మరో ఇల్లు కొంటున్నాను. దాని మిగతా సొమ్మును నాలుగు నెలల్లో కట్టాలి, అది ఈ ఫ్లాటు అమ్మితేనే వస్తుంది. బ్రోకరు గారు "ముందు ఖాళీ చేయించండి, రంగులు వేయించి చూపిద్దాం, మనుషులు ఉండగా చూపిస్తే ధర పలకదు" అంటున్నారు. మా అన్నయ్య మాత్రం అమ్మకం సంగతి వారి చెవిన వేయవద్దని, తెలిస్తే అద్దె ఆపేసి కూర్చుంటారని, కొనేవారు చూడటానికి వచ్చినప్పుడు బీమా కోసం కొలతలు తీసుకుంటున్నారని చెబితే సరిపోతుందని సలహా ఇస్తున్నాడు. ఈ రెండు సలహాలూ నాకు మింగుడుపడటం లేదు.

ఒప్పందం గడువు ఉండగా ఇల్లు అమ్మవచ్చా? అమ్మితే ఆ ఒప్పందం ఏమవుతుంది? డిపాజిట్ నేను తిరిగి ఇవ్వాలా, కొన్నవారు ఇవ్వాలా? ఇలాంటి పరిస్థితిలో అమ్మిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

మొదటి జవాబు (ఆస్తి దస్తావేజులు రాసే వృత్తిలో ఉన్నాను)

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు కనుక అన్నిచోట్లా దాదాపు ఒకేలా ఉండే సంగతి ముందు చెప్పి, తేడాలు తరువాత చెబుతాను.

అమ్మవచ్చు. ఇంటి మీద యాజమాన్యం మీది, అందులో గడువు వరకు నివసించే హక్కు వారిది. మీ చేతిలో ఉన్నదాన్నే మీరు అమ్మగలరు కనుక, కొన్నవారికి ఇల్లు ఆ అద్దె ఒప్పందంతో సహా దక్కుతుంది. పూర్వం రోమన్ న్యాయంలో దీనికి విరుద్ధంగా ఉండేది. కొన్న కొత్త యజమాని పాత అద్దెదారును బయటికి పంపవచ్చు, అద్దెదారు తన నష్టం గురించి పాత యజమానిని అడుక్కోవలసిందే. ఆధునిక చట్టాలు చాలావరకు దీన్ని తలకిందులు చేశాయి. జర్మనీ పౌరస్మృతి 566వ సెక్షనుకు ఉన్న శీర్షికే "కొనుగోలు అద్దెను తెంచదు" అనే అర్థంలో ఉంటుంది. భారతదేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షను ప్రకారం, విరుద్ధమైన ఒప్పందం ఏదీ లేనప్పుడు, పాత యజమానికి ఉన్న హక్కులన్నీ కొన్నవారికి సంక్రమిస్తాయి, అద్దెదారు కోరితే బాధ్యతలు కూడా వారిని అంటుకుంటాయి. ఇందుకు అద్దెదారు మళ్లీ సంతకం పెట్టవలసిన అవసరం లేదు.

అదే సెక్షనులో చాలామంది చదవని రెండు మాటలు ఉన్నాయి. మొదటిది, అమ్మకానికి ముందు పేరుకుపోయిన అద్దె బకాయిలు వాటంతటవే కొన్నవారికి చెందవు. అవి వారికే ఇవ్వాలనుకుంటే దస్తావేజులో విడిగా రాసుకోవాలి. రెండవది, ఇల్లు చేతులు మారిందని తెలియక, తెలుసుకోవడానికి తగిన కారణమూ లేక, అద్దెదారు పాత యజమానికే అద్దె కట్టేస్తే, ఆ అద్దెను కొత్త యజమానికి మళ్లీ కట్టనక్కర లేదు. మీ అన్నగారి సలహా ఇక్కడే బెడిసికొడుతుంది. అద్దెదారుకు చెప్పకుండా అమ్మితే, ఆ నెల అద్దె మీ ఖాతాలో పడుతుంది, కొన్నవారు దాని కోసం మీ ఇంటి గడప తొక్కుతారు.

మరో సంగతి. అదే చట్టం మూడవ సెక్షను వివరణ ప్రకారం, ఒక స్థిరాస్తిలో ఎవరైనా నివాసం ఉంటే, వారికి ఏ హక్కు ఉందో ఆ హక్కు గురించి కొనేవారికి తెలిసినట్టుగానే లెక్క. అందుకని జాగ్రత్త తెలిసిన కొనుగోలుదారు ఎవరైనా అద్దెదారు తలుపు తట్టి "మీ ఒప్పందం ఎంతవరకు ఉంది, డిపాజిట్ ఎంత ఇచ్చారు, ఇంకేమైనా మాట అనుకున్నారా" అని అడిగి తీరతారు. బీమా కొలతల కథ మొదటి రోజే బయటపడుతుంది.

ఖాళీ చేయించడం వేరే సంగతి. ఇక్కడే దేశాల మధ్య తేడాలు ఎక్కువ. గడువు నిర్ణయించిన ఒప్పందం ఉన్నప్పుడు, అమ్మకం జరిగితే ముందుగానే ముగించవచ్చన్న షరతు అందులో ఉంటే తప్ప, అమ్ముకోవాలన్న కోరిక ఒక్కటే సాధారణంగా చాలదు. నెలనెలా సాగే అద్దె అయితే నోటీసు ఇచ్చి ముగించవచ్చు. భారతదేశంలో ఒప్పందంలో గాని, స్థానిక చట్టంలో గాని వేరే మాట లేకపోతే ఆ నోటీసు 15 రోజులు, కానీ అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లకు లెక్క వేరు. ఫ్రాన్సులో 1989 జులై 6 నాటి చట్టం ప్రకారం సామాను లేకుండా అద్దెకిచ్చిన ఇంటిని అమ్మడానికి ఖాళీ చేయించాలంటే ఒప్పందం ముగియడానికి కనీసం ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసే అద్దెదారుకు ఇల్లు కొనమని ఇచ్చే ప్రతిపాదన కూడా అవుతుంది. ఇంగ్లండులో 2025 నాటి అద్దెదారుల హక్కుల చట్టం కింద 2026 మే 1 నుంచి అమ్మకం కారణంగా ఖాళీ చేయించడానికి నాలుగు నెలల నోటీసు కావాలి, అద్దెకు దిగిన మొదటి ఏడాదిలోనే పంపడానికి ఆ కారణం పనికిరాదు. జర్మనీలో ఖాళీ ఇంటికి మంచి ధర వస్తుందన్న మాట ఒక్కటే ఖాళీ చేయించడానికి సరిపోదు.

కాబట్టి మీరు ఈ రోజే చేయవలసిన పని, ఒప్పందం కాగితాన్ని తీసి మూడు విషయాలు వెతకడం: అమ్మకం గురించి ప్రత్యేక షరతు ఉందా, నోటీసు ఎన్నాళ్లు, మీరు గాని మీ తరఫువారు గాని ఇంట్లోకి రావాలంటే ఎంత ముందుగా చెప్పాలి. మూడవ దాన్ని అందరూ చిన్నచూపు చూస్తారు గాని, గొడవలు మొదలయ్యేది అక్కడే.

రెండవ జవాబు (ఇలాగే ఒక ఇల్లు అమ్మాను)

పై జవాబులో చెప్పినది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను కనుక, జరిగినది జరిగినట్టు రాస్తాను.

నా ఇంట్లో అద్దెకున్నాయనతో ఫోనులో మాట్లాడితే "సరేనండీ, చూసుకుంటాంలెండి" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని, కొనేవారితో రాసుకున్న ఒప్పందంలో ఫలానా తేదీకల్లా ఇల్లు ఖాళీగా అప్పగిస్తానని సంతకం పెట్టాను. ఆయన మాట తప్పలేదు, తప్పు నాదే. చూసుకుంటామన్న మాటకు వెతుక్కుంటామని అర్థం గాని, ఆ తేదీకి వెళ్లిపోతామని అర్థం కాదు. ఆయన చూసుకున్న ఇల్లు సమయానికి సిద్ధం కాలేదు. కొనేవారికి ఇచ్చిన తేదీ దాటిపోయింది. వారి బ్యాంకు రుణం మంజూరుకు ఉన్న గడువు తీరి, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది, ఆలస్యానికి పరిహారంగా ధరలో కొంత తగ్గించుకున్నారు. నా చేతిలో లేనిదాన్ని నేను అమ్మాను. అద్దెదారు సంతకం చేసిన కాగితం మీ చేతికి రాకముందు, "ఖాళీ స్వాధీనం" అన్న మాటను ఏ ఒప్పందంలోనూ రాయనివ్వకండి. తప్పనిసరిగా రాయవలసి వస్తే, తేదీ దాటితే ఏమవుతుందో కూడా అక్కడే రాయించుకోండి.

ఇల్లు చూపించడం గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే నిజంగా బేరం చెడేది అక్కడే. ఒక ఆదివారం పొద్దున్న బ్రోకరు ముందుగా చెప్పకుండా ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లారు. నేను కూడా మెట్ల దగ్గర వారిని కలిశాను. తలుపు తీసిన ఆవిడ చేతులకు ఇంకా పిండి అంటుకుని ఉంది. హాలులో మంచం మీద ముసలావిడ పడుకుని ఉన్నారు, వసారాలో తీగ మీద తడిబట్టలు. వచ్చినవారు చెప్పులతోనే పడకగది దాకా వెళ్లి, బీరువా వెనకాల గోడ చూడటానికి దాన్ని కాస్త జరపమని అడిగారు. ఆవిడ ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. వెళ్లేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గర నిలబడి, ఎంతో మర్యాదగా, "వానాకాలంలో ఈ గోడంతా చెమ్మ దిగుతుందండీ, బట్టలు బూజు పడతాయి, చూసుకోండి మరి" అన్నారు. అది అబద్ధమూ కాదు. ఆ ఇద్దరూ మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం ఒక్కడినే వెళ్లి క్షమాపణ చెప్పి, కూర్చుని మాట్లాడుకున్నాము. వారంలో రెండు రోజులు, సాయంత్రం ఒక గంట మాత్రమే, ఒక రోజు ముందు కబురు చేసిన తరువాతే ఎవరైనా వస్తారని అనుకున్నాము. ఇల్లు చూపించినన్ని నెలలూ అద్దెలో పదో వంతు తగ్గించాను. ఫోటోలు వారు సర్దుకుని పిలిచిన రోజున, వారి కుటుంబ చిత్రాలు, పాప పేరు రాసి ఉన్న పుస్తకాలు కనబడకుండా తీయించాను. చెమ్మ గోడ బాగు చేయించాను, నిజానికి అది ఎప్పుడో చేయించవలసింది. ఆ తరువాత వచ్చిన వారికి నీళ్లు ఏ వేళకు వస్తాయో, ఏ గదిలోకి ఎండ పడుతుందో, పై అంతస్తువారు ఎలాంటివారో చెప్పింది ఆవిడే. కొన్నవారు "మీ ఇంటి గురించి మీకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు" అన్నారు. ఆ ఇంట్లో నివసించేవారి మాటకు ఉన్న విలువ యజమాని మాటకు గాని, బ్రోకరు మాటకు గాని ఉండదు. ఆ మాట మీకు అనుకూలంగా ఉంటుందా, వ్యతిరేకంగా ఉంటుందా అన్నది మీరు వారితో నడుచుకునే తీరును బట్టి ఉంటుంది.

మూడవ జవాబు (అద్దెకు ఉండగా మా ఇల్లు అమ్ముడుపోయింది)

అవతలి వైపు నుంచి రాస్తున్నాను. ఇల్లు మారడం అందరికీ కష్టమే గాని, అంతకంటే పెద్ద కష్టం ఏమీ తెలియకపోవడం. మా యజమాని మాకు చెప్పలేదు. ఒకనాడు పక్కింటివారు "మీ ఇల్లు అమ్మకానికి పెట్టారటగా, ఫోటోలు చూశాము" అన్నారు. ఆ ఫోటోలు మేము దిగకముందు తీసినవి. ఆ రోజు నుంచి మేము చేసిన మొదటి పని వేరే ఇల్లు వెతకడం కాదు, డిపాజిట్ పోతుందేమోనన్న భయంతో ఆ నెల అద్దె కట్టకుండా ఆగడం. మీ అన్నగారు భయపడుతున్నది సరిగ్గా ఇదే, కానీ మేము ఆగడానికి కారణం మాకు తెలియడం కాదు, మా యజమాని నోటి నుంచి తెలియకపోవడం.

ఆ తరువాత ఒకాయన వచ్చి, తానే కొత్త యజమానినని, ఇకనుంచి అద్దె తన ఖాతాకు పంపమని చెప్పారు. ఆయన నిజంగానే కొన్నారని తరువాత తెలిసింది. కానీ గుమ్మంలో నిలబడిన మనిషి మాట నమ్మి మూడో మనిషి ఖాతాలో డబ్బు వేసేవారు ఎవరైనా ఉంటారా? ఇలాంటి మాటతో మోసం చేసేవారు కూడా ఉంటారు. కనుక అమ్మకం పూర్తయిన రోజునే మీ సంతకంతో అద్దెదారుకు ఒక ఉత్తరం ఇవ్వండి. ఏ తేదీ నుంచి యజమాని ఎవరు, అద్దె ఎక్కడ కట్టాలి, డిపాజిట్ ఎంత, అది ఎవరి చేతిలోకి వెళ్లింది అన్న నాలుగు సంగతులు అందులో ఉంటే చాలు. కొన్నవారు కూడా అదే కాగితం మీద "డిపాజిట్ నాకు ముట్టింది, తిరిగి ఇచ్చే బాధ్యత నాది" అని సంతకం చేస్తే అద్దెదారు ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోతారు.

ఇంకొక చిన్న సంగతి, చిన్నదే గాని మా విషయంలో పెద్ద రగడ అయింది. గోడకు ఉన్న అలమర, వంటింట్లో పొగ లాగే యంత్రం, స్నానాల గదిలో వేడినీళ్ల యంత్రం మేము కొని బిగించుకున్నవి. చూడటానికి వచ్చినవారు అవన్నీ ఇంటితో పాటు వస్తాయనుకుని ధర చెప్పారు. మేము వెళ్లేటప్పుడు అవి విప్పుతుంటే, ఇంట్లో సామాను దొంగిలిస్తున్నట్టుగా మాట్లాడారు. ఇల్లు చూపించడం మొదలుపెట్టక ముందే మీ అద్దెదారులతో కూర్చుని ఏది వారిది, ఏది ఇంటిది అని ఒక జాబితా రాసుకుని, ఆ కాగితాన్ని కొనేవారికి ఇవ్వండి.

అన్నిటికంటే ముందు, వారినే అడిగారా? నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉండి, కుళాయిలు బాగు చేయించుకుంటూ, అయిదో తేదీలోగా అద్దె కడుతున్నవారు, ఆ ఇల్లు కొనడానికి ఆసక్తి చూపినా చూపవచ్చు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే కొనేవాళ్లమని చెప్పను, కానీ కనీసం లెక్క వేసుకునేవాళ్లం.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒప్పందం తీసి చదివాను. అమ్మకం గురించి అందులో ఒక్క మాట కూడా లేదు. ఒక రోజు ముందు చెప్పి పగటిపూట ఇంటిని చూడటానికి రావచ్చని మాత్రమే ఉంది. అంటే గడువు తీరేవరకు వారిని కదిలించే హక్కు నాకు లేదని అర్థమైంది. వారిని కొంటారా అని అడగాలన్న ఆలోచన నాకు నిజంగా తట్టలేదు. ఈ వారం వెళ్లి మాట్లాడతాను.

ఒక సందేహం మిగిలింది. వారు కొనకపోతే, ఏడు నెలల ఒప్పందంతో సహా అమ్మితే ధర ఎంత తగ్గుతుంది? దాన్ని ఎలా లెక్కవేయాలి? వారికి కొంత సొమ్ము ఇచ్చి ముందుగా వెళ్లమని అడగడం సరైనదేనా?

నాలుగవ జవాబు (అద్దెకున్న ఇళ్లు కొంటూ ఉంటాను)

ధర గురించి మీ బ్రోకరు చెప్పింది సగమే నిజం. కొనేవారు రెండు రకాలు. తాము ఉండటానికి కొనేవారికి మీ అద్దెదారు అడ్డంకి. వారు ఏడు నెలలు ఆగాలి, ఆ ఏడు నెలలూ తాము ఉంటున్న చోట అద్దె కట్టాలి, పైగా తామే ఉంటామని చెప్పి తీసుకునే గృహరుణానికి కొన్ని బ్యాంకులు ఇంట్లో వేరేవారు ఉంటే ఒప్పుకోవు. ఇలాంటివారు సహజంగానే ధర తగ్గించమంటారు. నాలాంటివారు అద్దె ఆదాయం కోసం కొంటారు. మాకు ఇల్లు ఖాళీగా ఉండటమే నష్టం. కొన్న మొదటి నెల నుంచే అద్దె వచ్చే ఇల్లు, ఎన్నడూ ఆలస్యం చేయని అద్దెదారు దొరికితే ఆ మేరకు నాకు శ్రమ తగ్గినట్టే. అయితే మేము గోడల రంగు చూసి ధర చెప్పము. ఏడాది అద్దెలోంచి పన్నులు, నిర్వహణ ఖర్చు, మరమ్మతులు తీసివేసి, మిగిలినదాన్ని ధరతో భాగించి చూస్తాము. మీ అద్దె చుట్టుపక్కల అద్దెలకంటే బాగా తక్కువగా ఉంటే, ఒప్పందం ఉన్నన్నాళ్లూ మేము దాన్ని పెంచలేము కనుక ధర తగ్గిస్తాము. సరిగ్గా ఉంటే తగ్గించడానికి పెద్ద కారణం ఉండదు. కనుక మొదట తేల్చుకోవలసింది ఎవరికి అమ్మాలన్నది. ఖాళీ చేయించాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు దాని వెంటే వస్తుంది. మీకు నాలుగు నెలలే ఉన్నాయి, గడువు ఏడు నెలలు ఉంది. తామే ఉండాలనుకునేవారి కోసం చూస్తూ కూర్చునే వ్యవధి మీకు లేదు, బ్రోకరును మార్చమని అనను గాని, అద్దె ఆదాయం కోసం కొనేవారికి చూపించమని గట్టిగా చెప్పండి.

నాలాంటివాడు వచ్చినప్పుడు మీ దగ్గర సిద్ధంగా ఉండవలసినవి అద్దె ఒప్పందం నకలు, కనీసం ఏడాది పాటు అద్దె జమ అయిన బ్యాంకు వివరం, డిపాజిట్ రసీదు, అద్దెదారు సంతకం చేసిన ఒక పుట. ఆ పుటలో అద్దె ఎంత, ఎప్పటివరకు కట్టారు, గడువు ఎప్పుడు, డిపాజిట్ ఎంత, యజమాని చేయించవలసిన మరమ్మతులు ఏమైనా మిగిలాయా, నోటిమాటగా ఇచ్చిన హామీలు ఏమైనా ఉన్నాయా అన్నవి ఉండాలి. అమెరికాలో దీన్ని ఎస్టాపెల్ సర్టిఫికెట్ అంటారు. ఒకసారి సంతకం చేసిన తరువాత అద్దెదారు వేరే మాట చెప్పడానికి వీలుండదు. ఈ ఒక్క కాగితం ఉన్న ఇంటి గురించి నేను రెండు రోజుల్లో నిర్ణయానికి వస్తాను, లేని ఇంటికి రెండు వారాలు పడుతుంది.

డిపాజిట్ విషయంలో మీరు దాచకుండా రాశారు కనుక నేను కూడా సూటిగా చెబుతాను. ఆ డబ్బును మీరు ఎక్కడినుంచో తెచ్చి కట్టనక్కర లేదు. అమ్మకపు ధరలోంచి ఆ మొత్తాన్ని కొనేవారు మినహాయించుకుని, తిరిగి ఇచ్చే బాధ్యత తమదని దస్తావేజులో రాస్తారు. కానీ ఆ మాట దస్తావేజులో లేకపోతే, రెండేళ్ల తరువాత అద్దెదారు వెళ్లిపోయే రోజున మీరిద్దరూ ఒకరినొకరు వేలెత్తి చూపుకుంటారు. ఆ నెల అద్దె లెక్క కూడా అలాగే ముందే రాసుకోండి. ముప్పై రోజుల నెలలో పన్నెండో తేదీన రిజిస్ట్రేషన్ జరిగి, ఆ రోజు కొన్నవారి కిందికి వస్తుందని అనుకుంటే, పదకొండు రోజుల అద్దె మీది, పంతొమ్మిది రోజులది వారిది. అద్దె ముందుగానే మీ ఖాతాలో పడి ఉంటే ఆ పంతొమ్మిది రోజులది కూడా ధరలోంచే మినహాయిస్తారు.

సొమ్ము ఇచ్చి వెళ్లమనడంలో తప్పు లేదు, బెదిరింపు లేనంతవరకు. నీళ్లు ఆపడం, రోజూ ఫోను చేయడం, తాళం మార్చడం లాంటివి చాలాచోట్ల నేరం, అన్నిచోట్లా తెలివితక్కువ పని. ఇవ్వదలచుకుంటే, ఖాళీ ఇంటికి వచ్చే ధరకు, అద్దెదారుతో ఉన్న ఇంటికి వచ్చే ధరకు ఉన్న తేడా ముందు చూసుకోండి. తేడా కొద్దిగా ఉంటే ఆ ప్రయత్నమే వద్దు. ఎక్కువగా ఉంటే, వారికి సామాను తరలించే ఖర్చు, కొత్త ఇంటికి కట్టవలసిన డిపాజిట్, రెండు ఇళ్లకు అద్దె కట్టే నెల అన్నీ కలిపి ఎంతవుతుందో వారితోనే లెక్కవేయించండి. ఒప్పుకుంటే కాగితం మీద తేదీ రాసుకుని, కొంత సంతకం రోజున, మిగతాది తాళాలు మీ చేతిలో పెట్టి, మీటరు రీడింగు చూపించిన రోజున ఇవ్వండి. తాళాలు రాకముందు మొత్తం ఇవ్వకండి.

ప్రశ్న అడిగినవారు

ఆదివారం సాయంత్రం వెళ్లి మాట్లాడి వచ్చాను. ఇల్లు అమ్మాలనుకుంటున్నానని చెప్పగానే ఆయన కాసేపు మౌనంగా ఉండి, తరువాత అడిగిన మొదటి మాట "పాప పరీక్షలు అయ్యేదాకా ఉండవచ్చా?" అన్నది. ఒప్పందం గడువులోపు కదిలించనని, కొన్నవారు కూడా కదిలించలేరని చెప్పాను. ఆ మాట కాగితం మీద కూడా రాసి ఇచ్చాను. కొనే ఆలోచన ఉందా అని అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బ్యాంకులో ఎంత రుణం వస్తుందో కనుక్కోవడానికి మూడు వారాల వ్యవధి అడిగారు. ఇచ్చాను. ఆ మూడు వారాల్లోనూ అద్దె ఆదాయం కోసం కొనేవారికి ఇల్లు చూపించడానికి వారికి అభ్యంతరం లేదు, మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం అయిదు నుంచి ఆరు మధ్య రమ్మన్నారు.

వారిది ఏది, ఇంటిది ఏది అని జాబితా రాసుకున్నాము. వంటింట్లో అలమరను నేను బిగించిందే అనుకుంటున్నాను, కాదట, రెండేళ్ల క్రితం వారు చేయించుకున్నదట. రసీదు కూడా చూపించారు. బ్రోకరు గారు తీసిన ఫోటోలో అది బ్రహ్మాండంగా కనబడుతోంది. ఆ ఫోటో తీసివేయమని చెప్పాను.